చెప్పులు ఎక్కడ విడవాలి? నిజాముల ప్యాలెస్‌లు నిజంగా చేసిన పని

1869లో అయిదో నిజాం అఫ్జలుద్దౌలా చనిపోయాడు. వారసుడు మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి రెండున్నరేళ్లు. ఆ పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టే దర్బారుకు బూట్లతోనే వస్తానని, కుర్చీలోనే కూర్చుంటానని రెసిడెంట్ (హైదరాబాదులో బ్రిటిష్ సర్కారు ప్రతినిధి) సాండర్స్ పట్టుబట్టాడు. అప్పటిదాకా ఎంతటి రెసిడెంట్ అయినా దర్బారు గడప దగ్గర బూట్లు విప్పి, లోపల అందరితోపాటు నేల మీద కూర్చోవాల్సిందే. సాండర్స్ పంతమే నెగ్గింది. కాదనడానికి గద్దె మీద ఉన్నది పాలపళ్ల పిల్లాడు.

పైకి చూస్తే చెప్పుల తగాదా. కానీ లెక్క వేసుకోండి. 1798లో సైన్య సహకార ఒప్పందంతోనే నిజాం రక్షణ వ్యవహారాలు కంపెనీ చేతికి పోయాయి. 1853లో, నిజాం డబ్బుతో ఇంగ్లీషు ఆఫీసర్లు నడిపే కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ కింద, పత్తి పండే బేరార్ పోయింది. ఊరి బయట సికింద్రాబాదులో ఇంగ్లీషు పటాలం తిష్ఠ వేసుకుని కూర్చుంది. ఇంత పోగొట్టుకున్న రాజు, తనను పోగొట్టినవాళ్ల ప్రతినిధి చేత డెబ్బై ఏళ్ల పాటు బూట్లు ఎలా విప్పించగలిగాడు? ఫిరంగులతో అయితే కాదు. నాలుగు గోడలు, కొన్ని గడపలు, ఎవరు ఎక్కడ ఆగాలో చెప్పే ఆనవాయితీ, వీటితోనే విప్పించాడు.

ప్యాలెస్ అనగానే షాండ్లియర్లు, పాలరాయి, వజ్రాలు మాట్లాడుకుంటాం. గైడ్లూ అవే చూపిస్తారు. అవి ఆ ఇంటి సొగసు. ఆ ఇల్లు రోజూ చేసిన పని వేరు: మనుషుల మధ్య దూరం కొలవడం. ఎవరు గేటు దగ్గర ఆగిపోతారు, ఎవరు రెండో ఆవరణ దాకా వస్తారు, ఎవరు గద్దెకు ఎన్ని అడుగుల దూరంలో నిలబడతారు. మన పెళ్లిళ్లలో ఏ వియ్యంకుణ్ణి ఏ బంతిలో కూర్చోబెట్టారన్న దాని మీద ఏళ్ల తరబడి అలకలు నడుస్తాయి కదా, ఆ లెక్కను ఒక రాజ్యం మొత్తానికి పెంచితే దర్బారు అవుతుంది. కాకపోతే ఇక్కడ అలిగినవాడి జాగీరు ఊడుతుంది.

కిరీటం లేని రాజులు

ఈ లెక్క హైదరాబాదులో మరీ అవసరమైంది. కారణం, నిజాంలు పేరుకు రాజులు కారు. వంశ మూలపురుషుడు మీర్ ఖమరుద్దీన్ ఢిల్లీ పాదుషాకు దక్కన్ సుబేదారు. 1724లో షకర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్‌ను ఓడించి స్వతంత్రంగా ఏలుకోవడం మొదలుపెట్టాడు గానీ, నేనే పాదుషానని ఏనాడూ ప్రకటించుకోలేదు. 1857 తిరుగుబాటు దాకా హైదరాబాదు నాణేల మీద మొగల్ పాదుషా పేరే ఉండేది. నిజాంలకు పట్టాభిషేకంలో కిరీటం లేదు, తలపాగానే. సింహాసనం లేదు, పరిచిన గద్దె మాత్రమే.

చట్టప్రకారం ఇంకొకరి నౌకరు, ఆచరణలో కోటి మందికి ప్రభువు. కాగితం మీద లేని ఆ రాజరికాన్ని జనం కళ్లకు ఎలా కట్టించాలి? మొగల్ దర్బారు పద్ధతులను పొల్లుపోకుండా తెచ్చి ఇక్కడ నడపడమే దారి అయింది. రెండో నిజాం కాలంలో, 1763 ప్రాంతంలో, రాజధాని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మారింది. అప్పటికి చార్మినార్ చుట్టూ కుతుబ్‌షాహీల మహళ్లు చాలావరకు పాడుబడ్డాయి. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక వాటిని చూసినవాడు లేడు. చార్ కమాన్లలో పడమటి కమాను ఆ పాత మహలుకు దారి. జరీ తెర వేలాడిన ద్వారమని దానికి పేరు. ఇవాళ దాని కింద నుంచి స్కూటర్లు పోతున్నాయి. ఆ ఖాళీలో, చార్మినార్‌కు కూతవేటు దూరంలో, నిజాంలు తమ మహలు పెంచుకున్నారు.

అదే చౌమహల్లా. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టాడు, అఫ్జలుద్దౌలా కాలంలో, 1857-69 మధ్య, పూర్తయింది. ఈ తేదీలను బేరార్ తేదీ పక్కన పెట్టి చూడండి. రాజ్యం చిక్కిపోతున్న కొద్దీ మహలు బలిసింది. ఇది దుబారా అని తీసిపారేయడం సులువు. నాకు మాత్రం ఇందులో ఒక తెలివి కనిపిస్తుంది: మిగిలిన ఒకే ఒక్క ఆయుధానికి పదును పెట్టుకున్నారు.

ఖిల్వత్ హాల్లో నడక

చౌమహల్లా నిర్మాణమే ఒక జల్లెడ. ఉత్తరపు ఆవరణ సర్కారు వ్యవహారాలది. మధ్యలో నీళ్ల తొట్టి, తూర్పున పొడుగ్గా వరసగా గదులు, అందులో కచేరీ పనులు. దక్షిణపు ఆవరణలో అఫ్జల్, మహతాబ్, తహనియత్, అఫ్తాబ్ అని నాలుగు మహళ్లు, వాటికవతల జనానా. ఒక్కో గడప దాటే కొద్దీ జనం పలచబడతారు. జనానా కాపలా ఆడవాళ్లదే. రెండో నిజాం కాలంలో జఫర్ పల్టన్ అనే ఆడ సిపాయిల దళం ఉండేది. 1795లో మరాఠాలతో ఖర్దా యుద్ధానికి వెళ్లింది కూడా.

రెండు ఆవరణలకూ నడుమ ఖిల్వత్ ముబారక్, దర్బారు హాలు. ఎత్తైన కప్పు, గచ్చు పనితనం నిండిన కమానులు, 19 షాండ్లియర్లు, నడుమ పాలరాతి వేదిక. ఇప్పుడు టికెట్ కొన్న ఎవరైనా హాల్లో తిరిగి సెల్ఫీ దిగవచ్చు. అప్పట్లో ఆ గుమ్మం నుంచి వేదిక దాకా నాలుగడుగులు వేయడానికి కొన్ని కుటుంబాలకు మూడు తరాలు పట్టింది.

ఎలాగంటే, దర్బారుకు రావాలంటే ముందు బిరుదు ఉండాలి. బిరుదులకు మెట్లు ఉన్నాయి: జంగ్, దానిపైన దౌలా, ఆపైన ముల్క్, ఉమ్రా, అన్నిటికంటే పైన జాహ్. హిందూ ఉద్యోగులకు రాయ్, రాజా, మహారాజా వరస. నగర కొత్వాలుగా పేరుమోసిన వెంకట్రామారెడ్డికి రాజాబహద్దూర్ దక్కింది ఆ వరసలోనే. మెట్టును బట్టి నిలబడే చోటు. ఒంటి మీద షేర్వానీ, తలకు దస్తార్, నడుముకు బగ్లూస్ అనే పట్టా తప్పనిసరి. వంగి సలాములు చేస్తూ ముందుకు రావాలి, రెండు చేతుల్లో రుమాలు పరిచి అందులో నజరానా పెట్టి చూపాలి. మామూలు లెక్క ఒక బంగారు అష్రఫీ, నాలుగు వెండి రూపాయలు. ప్రభువు తీసుకోవచ్చు, తాకి వెనక్కి ఇవ్వవచ్చు. వెనక్కి నడిచేటప్పుడు వీపు చూపకూడదు. పాన్, అత్తరు ఇచ్చారంటే ఇక దయచేయమని.

ఈ తంతులో ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు, సైనికుడు కత్తి దూయలేదు. అయినా హాలు ఖాళీ అయ్యేసరికి రాజ్యంలో ఎవరి స్థానం ఏమిటో నాలుగు వందల కళ్ల ముందు ఖరారైపోయింది. వేరే గెజిట్ అక్కర్లేదు. పోయినసారి కంటే రెండు వరసలు వెనక నిలబెట్టారంటే, ఆ అమీరుకు రాబోయే రోజులు బాగోలేవని సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. అతనికి అప్పులిచ్చిన సాహుకార్లకు అందరికంటే ముందు.

దివాన్ అయినా ఈ లెక్కకు బయట లేడు. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా రాజ్యాన్ని నడిపాడు. రెవెన్యూ, కోర్టులు, పోలీసు, జిల్లాల విభజన, అన్నీ ఆయన చేతి మీదుగా జరిగాయి. అంతటివాడు అఫ్జలుద్దౌలా బతికున్నన్నాళ్లూ ప్రాకారం బయట తన తోటలో విందు ఇవ్వాలన్నా, కొత్త మనిషిని నగరంలోకి తీసుకురావాలన్నా ప్రభువు అనుమతి అడగాల్సి వచ్చేది. ప్రభువుకు పాలన చేతకాకపోయినా ఫర్వాలేదు, పాలించేవాణ్ణి కదలనివ్వకుండా ఉంచగలిగితే చాలు. కనక అమీర్ల దేవుడీలు (భవంతులు) అన్నీ ప్రాకారం లోపలే, మహలు చుట్టూరా పుట్టుకొచ్చాయి. దూరంగా ఉంటే లోకువ అవుతాం అన్న టెన్షన్ వాళ్లది, దగ్గర ఉంటే కనిపెట్టుకుని ఉండవచ్చన్న లెక్క నిజాంది.

మూసీకి అవతల ఇంకో మహలు

ఈ ఆట ఇంగ్లీషువాళ్లకు బాగానే అర్థమైంది. రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ మూసీ ఉత్తరపు ఒడ్డున, నేటి కోఠిలో, 1803 ప్రాంతంలో కట్టించిన రెసిడెన్సీయే దానికి రుజువు. దాని మీద ఒక కథ చెప్పుకుంటారు. కిర్క్‌పాట్రిక్ స్థలం అడుగుతూ పెద్ద కాగితం మీద ప్లాను గీసి తెచ్చాడట. రెండో నిజాం దాన్ని తేరిపార చూసి, కుదరదన్నాడట. తర్వాత దివాన్ అయిన మీర్ ఆలం నవ్వి, నీ ప్లాను ఆయన రాజ్యం పటమంత ఉంది, భయపడడా మరి అన్నాడట. అదే ప్లాను చిన్న కార్డు ముక్క మీద గీసి తెస్తే నిజాం సంతోషంగా సరేనన్నాడట. కథ నిజమో కాదో గానీ, కట్టడం ఖర్చు నిజాం ఖజానాదే అన్నది మాత్రం నిజం.

కొరింథియన్ స్తంభాలు, ముందు సింహాలు, లోపల దర్బారు హాలు. పేరుకు రాయబారి ఇల్లు. చూపుకు రాజమహలు. నగరంలోని అమీర్లకు రెండు దర్బార్లు తయారయ్యాయి. ఎవరు ఏ ఒడ్డుకు ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది రెండు ఒడ్ల వేగులకూ పనికొచ్చే వార్త అయింది. జనానికీ ఈ సంగతి తెలుసు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులను వెంటేసుకుని వెళ్లింది చౌమహల్లా మీదికి కాదు, రెసిడెన్సీ మీదికి. అధికారం ఏ ఇంట్లో కాపురం ఉంటోందో తిరగబడ్డవాళ్లు సరిగ్గానే గుర్తుపట్టారు. చుట్టూ ఉన్న బజార్లలో కూడా రెసిడెంట్ మాటే చెల్లేది. ఇప్పటి సుల్తాన్ బజారు 1933లో గానీ తిరిగి నిజాం పాలన కిందికి రాలేదు.

ఫలక్‌నుమాది ఇంకో రకం ముచ్చట. అది రాజు కట్టింది కాదు. నిజాం కొలువులో అగ్రశ్రేణి ప్రభువులైన పాయెగా వంశపు అమీరు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి, దాదాపు పదేళ్లు కట్టి, అప్పుల్లో కూరుకుపోయాడు. ఊరికి దక్షిణాన గుట్ట మీద, ప్రభువు మహలు కంటే ఎత్తులో ఒక నౌకరు మహలు! ఇలాంటివి దర్బారు లెక్కలో ఎక్కువ కాలం నిలవవు. మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా వచ్చి ముచ్చటపడి ఉండిపోయాడని, ఇంటాయన అర్థం చేసుకుని ఇల్లు సమర్పించుకున్నాడని చెబుతారు. 1897 ప్రాంతానికి అది నిజాం సొత్తు. ఆ తర్వాత దాన్ని సరిగ్గా పనికి పెట్టారు. ఇంగ్లండు యువరాజులు వస్తే విడిది అక్కడే, 101 మంది కూర్చునే బల్ల మీద విందు. బూట్లు విప్పించే రోజులు పోయాయి కదా, ఇక దొరల బల్ల మీదే దొరలకు మించిన మర్యాద చేసి చూపించాలి. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని మోదీ విందు ఇచ్చింది కూడా అదే హాల్లో. అప్పటికి ఏడేళ్లుగా అది తాజ్ హోటల్.

కనపడని రాజు

1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ ఈ పద్ధతినంతా తిరగేశాడు. చౌమహల్లాను పండగలకు, దర్బార్లకు ఉంచి, తాను కింగ్ కోఠిలోనే ఉండిపోయాడు. బయటి గేటుకు తెర వేలాడేది. తెర ఎత్తి ఉందంటే ప్రభువు బయటికి వెళ్లాడని అర్థం. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసిన ప్రపంచ కుబేరుడు, లోపల పాత ఫెజ్ టోపీ, నలిగిన షేర్వానీతో తిరిగేవాడు. జనం దాన్ని పిసినారితనం అన్నారు. ఆ ఇంట్లోంచే 1914 నుంచి అయిదేళ్ల పాటు దివాన్ లేకుండా తానే రాజ్యం నడిపాడన్నది ఆ పిసినారి కథల్లో మరుగున పడిపోతుంది. తాత ఎదుట నిలబెట్టి ఏలాడు, మనవడు తెర వెనక నుంచి ఫర్మానాలతో ఏలాడు. తెర కూడా దూరమే కదా.

ఇక నజరానాను ఆయన ఆచారం స్థాయి నుంచి ఆదాయం స్థాయికి తెచ్చాడు. తాకి వెనక్కి ఇచ్చే సంప్రదాయం తగ్గింది. ఈద్‌కు, పుట్టినరోజుకు చిన్న ఉద్యోగి కూడా అష్రఫీ సర్దుకోవాల్సి వచ్చేది. అసలైన డబ్బు మాత్రం సర్ఫేఖాస్ నుంచి వచ్చేది. రాజ్యంలో దాదాపు పదో వంతు భూమి నిజాం సొంత ఖర్చుల కోసం విడిగా ఉండేది. హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫెబల్దా జిల్లా అంతా అందులోదే. షాండ్లియర్లో వెలిగిన నూనె ఎక్కడిదని అడిగితే, జవాబు ఆ ఊళ్ల చేలల్లో ఉంది. ప్యాలెస్ గురించి రాసేవాళ్లు ఆ చేల దాకా అరుదుగా వెళ్తారు.

ఇంతమందిని దూరాలు కొలిచి నిలబెట్టిన నిజాంకు ఢిల్లీలో అదే అనుభవం ఎదురైంది. కొత్త రాజధాని కడుతున్నప్పుడు వైస్రాయి భవనానికి దగ్గర్లో స్థలం కావాలన్నాడు. ఇవ్వలేదు. రాజమార్గం రెండో కొసన, మిగతా సంస్థానాధీశుల సరసన ఇచ్చారు. 1926 మార్చిలో వైస్రాయి రీడింగ్ ఉత్తరం రాశాడు: బేరార్ అడగవద్దు, ఇండియాలో సార్వభౌమత్వం బ్రిటిష్ రాజుదే, దానితో సమానంగా మాట్లాడే హక్కు ఏ సంస్థానానికీ లేదు. 21 తుపాకుల సలాము, హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ బిరుదు, అన్నీ ఉంచి, గీత మాత్రం గట్టిగా గీశారు. లుట్యెన్స్ కట్టిన ఆ హైదరాబాద్ హౌస్‌లో ఇప్పుడు ప్రధానులు విదేశీ అతిథులను కలుస్తుంటారు.

ఊరూరా ఒక చిన్న ప్యాలెస్

చౌమహల్లా గోడల దగ్గరే ఆగిపోతే కథ సగమే తెలుస్తుంది. ఈ పద్ధతి నకళ్లు తెలంగాణ పల్లెల్లో ఊరూరా లేచాయి. గడి అంటే మనకు వేరే వివరణ అక్కర్లేదు. ఎత్తైన గోడ, బురుజు, పెద్ద దర్వాజ. గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకోవాలి, గొడుగు ముడవాలి, బండి దిగి నడవాలి. వెట్టికి పిలిస్తే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ ఎవరైనా పని వదిలి రావాలి. నోటెంట వచ్చే మాట ఒకటే, నీ బాంచెను కాల్మొక్కుతా.

దర్బారులో అమీరు వంగి చేసిన సలాముకూ, గడి ముందు కూలివాడు విప్పిన చెప్పుకూ నడుమ ఒక గొలుసు ఉంది. పైన వంగినవాడు కింద వంచుతాడు. నగరంలో నజరానా చూపి వచ్చిన దొర, ఆ అష్రఫీని ఊళ్లో నాగు (గింజల అప్పు మీద గింజల వడ్డీ) రూపంలో, దండుగల రూపంలో రాబట్టుకున్నాడు. అందుకే సాయుధ పోరాటంలో జనం గుంపులు మొదట గురిపెట్టింది గడుల మీద. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య కడవెండిలో తుపాకి గుండుకు నేలకొరిగింది విసునూరు దొర గడి మనుషుల చేతుల్లోనే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండిన పంట ఇవ్వనని ఎదురు తిరిగింది ఆ గడికే.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. 1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ హైదరాబాదు వస్తే, ఉస్మాన్ అలీ ఖాన్ బేగంపేట విమానాశ్రయానికి తానే వెళ్లి చేతులు జోడించాడు. ఆ ఫొటో చాలామంది చూసే ఉంటారు. గద్దె దగ్గరికి మనుషులు నడిచి రావడం ఆగి, గద్దె మీది మనిషి మనుషుల దగ్గరికి నడిచిన రోజది. అదే ఏడు సర్ఫేఖాస్ ప్రభుత్వంలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. రాజ్‌ప్రముఖ్ పదవి 1956తో, రాజభరణాలు 1971తో పోయాయి. 45 ఎకరాల చౌమహల్లా చివరికి పన్నెండు, పద్నాలుగు ఎకరాలకు కుదించుకుపోయింది. 2005లో బాగుచేసి జనానికి తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. 2023 జనవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ మనవడు ముకర్రంజా భౌతికకాయాన్ని ఇస్తాంబుల్ నుంచి తెచ్చి ఆ ఖిల్వత్ ఆవరణలోనే ఉంచితే, జనం వరసలో నిలబడి చూసిపోయారు. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచింది. రెసిడెన్సీ 1949లోనే ఆడపిల్లల కాలేజీ అయింది. 2024లో అక్కడి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నిజాం ఖర్చుతో దొరలు కట్టుకున్న మహలుకు గడిని ఎదిరించిన చాకలి పేరు! పేర్లు పెట్టడంలో మన ప్రభుత్వాలు ఇంత బాగా గురి చూసి కొట్టిన సందర్భాలు తక్కువ.

గడి అన్న మాట మాత్రం పాతబడలేదు. తెలంగాణ వచ్చాక 2016లో బేగంపేటలో ముఖ్యమంత్రి నివాసంగా ప్రగతి భవన్ లేచింది. మంత్రులకే లోపలికి దారి దొరకదని, అది కొత్త గడి అని ప్రతిపక్షాలు ఏళ్ల తరబడి దెప్పాయి. ఎన్నికల సభల్లో ఆ మాటకు పల్లెల్లో ఎంత స్పందన వచ్చిందో చూసినవాళ్లకు తెలుసు. అప్పు, నీళ్లు, ఉద్యోగాలు, వీటి సరసన ఒక ఇంటి గేటు కూడా ఎన్నికల అంశమైంది. 2023 డిసెంబరు 7న కొత్త ప్రభుత్వం ప్రమాణం చేస్తుండగానే ఆ ముందున్న ఇనుప కంచెలను గ్యాస్ కట్టర్లతో కోసేశారు. భవనానికి జ్యోతిరావు ఫూలే పేరు పెట్టారు. మర్నాడు పొద్దున్నుంచే అర్జీలు పట్టుకుని జనం బారులు తీరారు. ఆ కార్యక్రమానికి మొదట పెట్టిన పేరు ప్రజాదర్బార్, తర్వాత ప్రజావాణిగా మార్చారు. తొలిరోజు ముఖ్యమంత్రి స్వయంగా కూర్చుని కాసేపు అర్జీలు తీసుకున్నారు. ఆ తర్వాత ఆ పని మంత్రులకు, అధికారులకు వెళ్లింది.